బూటుకి కాలు సరిపోలేదట

లేహ్,
14 డిసెంబర్ 2024

రత్నమాల అత్తకి,

నా రాత చూసి కంగారు పడకు. చలికి వేళ్లు వంగడం లేదు, దానికి తోడు కోపం. రెండూ కలిసి అక్షరాల్ని ఇలా చేశాయి. మన ప్రీపెయిడ్ సిమ్ములు ఈ లడఖ్‌లో పనిచేయవు. మేమున్న ఇంటావిడ ఫోను అడిగితే అమ్మతో రెండు మాటలు మాట్లాడవచ్చు గానీ, గొల్లపల్లిలో నీ ఫోను మోగాలంటే నువ్వు ఆస్పత్రి వెనక దిబ్బ ఎక్కి నిలబడాలి కదా. అందుకే ఉత్తరం. పైగా ఈ సంగతి అమ్మానాన్నల చెవిన పడకూడదు.

మన బస్తర్ కిరండూల్ టౌన్‌షిప్‌లో సిమెంటు గచ్చు మీద చక్రాల స్కేట్లతో హాకీ ఆడే పిల్ల రాష్ట్రం జట్టులోకి వచ్చిందని నువ్వు ఊళ్లో మిఠాయిలు పంచావు. అదే పిల్లని నిన్న ఇక్కడ ఎలా నిలబెట్టారో విను.

ఆట గడ్డకట్టిన చెరువు మీద. స్కేటు అంటే కింద కత్తిలాంటి బ్లేడు ఉన్న గట్టి బూటు. అది కాలికి అతుక్కున్నట్టు ఉండాలి, లేకపోతే మనం ఒకవైపు, బ్లేడు ఇంకోవైపు పోతాం. మగపిల్లల జట్టుకి కొత్తవి వచ్చాయి. వాళ్లు నిరుడు వాడి పడేసినవి మాకు ఇచ్చారు. నాకు వచ్చిన జతలో నా కాలు పెడితే ముందు ఇంకో కాలి వేళ్లు పట్టేంత చోటు ఉంది. అదే చెప్పాను. మా మేనేజర్ చక్రధరరావు గారు మన తెలుగాయనే. "మూడు జతల సాక్సులు తొడుక్కోమ్మా, లేసు గట్టిగా లాగి కట్టు, అదే సరిపోతుంది" అన్నాడు. లాగాను. లేసు చీలమండ చుట్టూ కూడా తిప్పి బిగించాను. కాసేపటికి నా కాళ్లు నావో కావో తెలియలేదు. విప్పి చూస్తే మీగాలు మీద వాత పెట్టినట్టు అడ్డంగా గీతలు, రెండు వేళ్లు నల్లబడ్డాయి.

ఆయన వంగి చూసి, అందరికీ వినపడేలా ఏమన్నాడో తెలుసా? "అడవిలో చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లు కదా, పలకల్లా ఉంటాయి. వీటికి ఏ కంపెనీ బూటు సరిపోతుంది?"

అందరూ నవ్వారు. నేను రైల్వే క్వార్టర్స్‌లో పుట్టాను, బూట్లు వేసుకునే బడికి వెళ్లాను. ఆ మాట అక్కడే అందామనుకుని ఆగిపోయాను. ఎందుకంటే నా పక్కన పూనం ఉంది. మా గోల్‌కీపర్, తర్రెం అనే అడవి ఊరి పిల్ల, నా గదిలోనే ఉంటుంది. ఆ పిల్ల నిజంగానే అడవిలో చెప్పుల్లేకుండా నడిచి పెరిగింది. అందరూ నవ్వుతుంటే తన కాళ్లు వెనక్కి లాక్కుంది. నేను "మాది అడవి కాదు సార్" అంటే ఆ మాట కూడా దానికే తగిలేది.

కమిలినదానికి ఏం రాయాలో చెప్పు. నాన్నకి చెప్పకు.

ఒళ్లంతా మంటగా ఉన్న,
కృప


గొల్లపల్లి,
24 డిసెంబర్ 2024

నా మేనకోడలు కృపారాణికి,

రేపు క్రిస్మస్. కొంటా టౌన్లో చర్చికి వెళ్లాలని చీర ఇస్త్రీ చేసుకుంటుంటే నీ ఉత్తరం వచ్చింది. చీర కాలింది. ఆ చక్రధరరావుని తలుచుకుంటూ ఇస్త్రీ పెట్టె అక్కడే వదిలేశాను.

ముందు నీ వేళ్ల సంగతి. నల్లబడ్డాయి అన్నావు. చలిలో నల్లబడ్డ వేలు అంటే ఏమిటో నర్సుకి వేరే చెప్పాలా? రక్తం ఆడక చచ్చిపోతున్న వేలు! మొన్న వానాకాలంలో మా ఊరి రామనర్సయ్యని పాము కరిచిందని ఇంట్లోవాళ్లు మోకాలి కింద నులక తాడు బిగించి కట్టుకొచ్చారు. కరిచింది విషం లేని పాము. కాలు పాడుచేసింది తాడు. ఇప్పటికీ కుంటుతున్నాడు. నువ్వు లేసులతో చేసుకుంటున్నది అదే. ఈ ఉత్తరం అందగానే లేసు కింద వేలు దూరేంత వదులు పెట్టు. కింద నుంచి పైదాకా, అంతటా. చీలమండ చుట్టూ తిప్పావంటే నా మీద ఒట్టే.

కాళ్ల గురించి అన్న మాటకైతే నాకు నిద్ర పట్టలేదు. ఇక్కడ నేను రోజూ కడిగి మందు రాసేది ఆ పలకల్లాంటి కాళ్లకే. ఆ కాళ్లు వాగులు దాటి, గుట్టలెక్కి, చంటిబిడ్డని ఎత్తుకుని సూది మందుకి నా దగ్గరకు వస్తాయి. ఆయన కాళ్లు కారు దిగి ఎంత దూరం నడిచాయో!

ఆయనకి విడిగా ఉత్తరం రాశాను. గట్టిగానే రాశాను. వాళ్ల ధోరణి మారకపోతే వచ్చెయ్యి. అక్కడ పడి ఉండాల్సిన కర్మ నీకు లేదు.

ఇక్కడ వరి నూర్పులు అయిపోయాయి. నా దగ్గరకు మందుకి వచ్చే హిడ్మే కొత్త బియ్యం తెచ్చి, నీకు పంపమంది. ఎలా పంపను?

నీ కోసం ప్రార్థన చేస్తూ, పళ్లు కొరుకుతూ,
అత్త


లేహ్,
6 జనవరి 2025

అత్తా,

నువ్వు చెప్పినట్టే చేశాను. వేలు దూరేంత వదులు, అంతటా. మగపిల్లలతో సాధన మ్యాచ్. మొదటి మలుపులోనే మడమ బూటులో పైకి లేచింది, చీలమండ పక్కకి మడతపడింది, నేను జారుకుంటూ వెళ్లి ఆట చోటు చుట్టూ కట్టిన చెక్క గోడకి గుద్దుకున్నాను. విరగలేదు, బెణికింది. ఆ మధ్యాహ్నమే నీ ఉత్తరం చక్రధరరావు గారికి అందింది. ఆయన దాన్ని భోజనాల దగ్గర పైకి చదివాడు. "తమరికి చెప్పులు కూడా ఎక్కువే" అని, లేసులు వదులు చెయ్యమన్నానని కూడా రాశావట. నవ్వినవాళ్లు నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, "మీ అత్తగారు నర్సా, కోచా? లేసు ఎలా కట్టాలో ఆవిడ గొల్లపల్లి నుంచి నేర్పుతున్నారు, పడ్డది మాత్రం నువ్వు" అని, ఆడే జాబితాలోంచి నా పేరు తీసేశాడు. ఇప్పుడు నేను నీళ్ల సీసాలు అందించే దాన్ని.

నా వేళ్లు చావలేదు. కమిలాయి. నల్లబడ్డాయి అని రాయడం నాదే తప్పు. కానీ ఒక్క మాట అడగకుండా ఆయనకి ఎందుకు రాశావు?

అన్నిటికన్నా నొప్పెట్టింది ఇంకో మాట. వచ్చెయ్యి అన్నావు. అమ్మ అంటుందనుకున్నాను. నాన్న అంటాడనుకున్నాను. ఆడపిల్లకి మంచులో ఆటలేమిటని క్వార్టర్స్‌లో అందరూ అంటుంటే వాళ్ల మీద విరుచుకుపడింది నువ్వు. ఆ నువ్వే వచ్చెయ్యి అంటే, ఇది నావల్ల కాదని నీకు మొదటి నుంచీ అనిపిస్తోందన్నమాట.

ఇట్లు,
నీళ్ల సీసాల కృపారాణి


గొల్లపల్లి,
5 జనవరి 2025

కృపమ్మా,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. ఉత్తరం రాయలేని స్థితిలో ఉన్నావేమోనని నాకు ఒకటే గుబులు. నువ్వు చెప్పొద్దన్నావు గానీ, కొంటా వెళ్లినప్పుడు ఆగలేక మా అన్నయ్యకి ఫోన్ చేశాను. "వేళ్లు నల్లబడితే ఏటి సేత్తారు?" అని అడిగాడు. నర్సుని కదా, అబద్ధం చెప్పలేకపోయాను. ఒక్కోసారి తీసేయాల్సి వస్తుంది అన్నాను. మీ నాన్న ఫోను పెట్టేశాడు, మళ్లీ చేస్తే వదిన ఎత్తింది. సెలవుకి అర్జీ పెట్టాడట, నిన్ను తీసుకురావడానికి వస్తాడట. తిట్టుకుంటే నన్ను తిట్టుకో.

నిన్న ఇక్కడ ఒక తమాషా జరిగింది. తమాషా అంటున్నాను గానీ నాకు ఒళ్లు మండింది. ఏదో సంస్థ వాళ్లు జీపులో బూట్లు తెచ్చి ఆడవాళ్లకి పంచారు. పట్నంలో ఎవరి కాళ్లకి సరిపోతాయో చూసి కొన్నట్టున్నారు, ఇక్కడ ఎవరికీ పట్టలేదు. ఫోటో తీయాలి, తొడుక్కోండి అని ఒకాయన తొందర పెడుతున్నాడు. హిడ్మే పాదం సగం దూరి ఆగిపోయింది. "ఇంకాస్త తొయ్యమ్మా, నీ కాలే తేడాగా ఉంది" అన్నాడు.

హిడ్మే బూటు తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఏంది సారూ, బూటు పట్టకుంటే కాళ్లు కోసుకోమంటరా? కాలు నాది, పుట్టినకాడి నుంచి గిట్లనే ఉంది. మీరు కొలిచిన్రా, నేను కొలవనియ్యలేదా?" అంది.

ఆయన జీపెక్కేదాకా వాళ్లంతా అక్కడే నిలబడ్డారు. ఎవరూ తొడుక్కోలేదు. ఫోటో లేదు.

నీ వేళ్ల సంగతి వెంటనే రాయి. ఏ వేలు, ఎక్కడ నొప్పి, కట్టినప్పుడా, విప్పినప్పుడా, అన్నీ.

అత్త


లేహ్,
17 జనవరి 2025

అత్తా,

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఎక్కడో ఎదురెదురు పడి పలకరించుకోకుండా పోయినట్టున్నాయి. నా వేళ్లు పదీ ఉన్నాయి! అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "మీ అత్త చెప్పింది, నువ్వు దాస్తున్నావు" అని ఏడ్చింది. ఫోటో పంపుతానంటే పాతది పంపుతావు అంది. నర్సు మాటకి ఉన్న విలువ కాలి యజమానికి లేదు. నాన్నని ఎలాగైనా ఆపు. ఆయన ఇక్కడికి వచ్చి అందరి ముందూ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే నేను మళ్లీ కిరండూల్‌లో తలెత్తుకోలేను.

నీ మీద కోపం తగ్గలేదు. కానీ హిడ్మే మాట పూనంకి చదివి వినిపించాను. ముందు పడీపడీ నవ్వింది. తరవాత తన సాక్సులు విప్పింది. అత్తా, ఆ పిల్ల మడమల మీద తోలు లేదు. ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదు. "అంటే మళ్ల నా కాళ్ల మీదనే నవ్వుతరు గదా" అంది. అప్పుడు నా బెణుకు, నా అలక ఎంత చిన్నవో తెలిసింది.

నువ్వు అడిగిన ప్రశ్నలే ఒక్కొక్కటీ అందరినీ అడిగాం. ఎక్కడ నొప్పి, ఎప్పుడు నొప్పి. పక్కింట్లో డిస్కిత్ అని లేహ్ జట్టు అమ్మాయి ఉంది. తన స్కేట్లు తెచ్చి ఇచ్చింది, నా కాలికి దాదాపు సరిపోయాయి. పలచటి సాక్సు ఒక్కటే. ముందు లేసులు కిందిదాకా సడలించి కాలు పెట్టాలి. మడమని నేలకేసి కొట్టి వెనక గుంటలో కూర్చోబెట్టాలి. వేళ్ల దగ్గర కాస్త వదులు, అక్కడ వేళ్లు కదలాలి. మీగాలు మీదకి వచ్చేసరికి బిగువు, చీలమండ వంపు దగ్గర అన్నిటికన్నా బిగువు. పైన చివరి రంధ్రాల దగ్గర మళ్లీ సడలింపు, లేకపోతే మోకాలు ముందుకి వంగదు. పైనుంచి ఒక్కసారి గుంజడం కాదు, కింది నుంచి లేసు ఒక్కో అడ్డు వరసా లాగుతూ రావాలి. అలా కట్టుకుని లేచి నిలబడితే, అత్తా, బూటు వేసుకున్నట్టే లేదు. నా కాలే అక్కడిదాకా పెరిగినట్టుంది.

అంతటా గట్టిగా అన్నది ఆయన తప్పు. అంతటా వదులుగా అన్నది నీ తప్పు. అసలు తప్పు మాత్రం బూటుది. మడమ నిలవని బూటుని ఎలా కట్టినా ఒకటే.

నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆడపిల్లలందరం మా స్కేట్లు తెచ్చి చక్రధరరావు గారి బల్ల మీద వరసగా పెట్టాం.

"ఏమిటిది?" అన్నాడు.

"ఇవి మావి కావు సార్" అన్నాను. "మా పాదాలు ఎప్పుడు కొలిచారు?"

"కొలవడానికి ఇదేమన్నా పెళ్లి చూపులా? ఆడాలని ఉంటే ఎలాగైనా ఆడతారు. లేదంటే టికెట్లు తీయిస్తాను, పొండి."

అప్పుడు పూనం ముందుకి వచ్చింది. ఎప్పుడూ ఆయన ముందు నోరు తెరవని పిల్ల. బల్ల పక్కనున్న కుర్చీ మీద కాలు పెట్టి, ఆ పుండు ఆయనకి చూపించింది. "ఏంది సార్, కాళ్లు కోసుకోమంటరా?"

మగపిల్లల కెప్టెన్ రాజ్‌కుమార్ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. లేచి వెళ్లి తన కొత్త స్కేట్లు తెచ్చి మా వాటి పక్కన పెట్టాడు. "వాళ్లకి లేకపోతే మాకూ వద్దు సార్" అన్నాడు. వాడి మీద నాకున్న మంట సగం తగ్గింది. సగమే. ఇన్నాళ్లూ ఏం చేశాడు?

డిస్కిత్ వాళ్ల క్లబ్బు స్కేట్లు అరువిస్తామంది. ఇంకో జట్టువాళ్ల దగ్గర అడుక్కుంటే రాష్ట్రం పరువేం కావాలని ఆయన అంటున్నాడు. పోటీలు 25న మొదలు. ఏమవుతుందో తెలియదు.

కృప


గొల్లపల్లి,
18 జనవరి 2025

కృపారాణికి,

నీ జనవరి ఆరో తేదీ ఉత్తరం నిన్న అందింది. సూది మందుకి వచ్చిన కోసే అనే ఆవిడ "ఏంది సిస్టర్, మొహం గట్ల పెట్టినవ్?" అంది. నా కోడలు నన్ను తిట్టింది అన్నాను. "తిట్టనియ్, బతికే ఉన్నట్టే గదా" అంది.

అవును, అడగకుండా రాశాను. నా కోపం నాకు ముందు నడిచింది, నువ్వు వెనక పడ్డావు. దానికి నువ్వేమన్నా పడతాను. కానీ వచ్చెయ్యి అన్నమాట పట్టుకుని నువ్వు రాసింది మాత్రం పడను. ఎంత మాటన్నావే! ఆట నీకు రాదని అన్నానా? నిన్ను మనిషిగా చూడని చోట ఉండొద్దన్నాను. నువ్వు గచ్చు మీద మోకాళ్లు చెక్కుకుని వస్తే కట్లు కట్టి మళ్లీ ఆటకి తోలింది ఎవరు? వద్దనాలంటే ఆనాడే అనేదాన్ని.

ఇంకో సంగతి చెప్పాలంటే చెయ్యి రావడం లేదు. నీ వేళ్లు బాగున్నాయని తెలియగానే ఆస్పత్రి వెనక దిబ్బ ఎక్కి అన్నయ్యకి ఫోన్ చేశాను. వదిన ఎత్తింది. ఆయన అప్పటికే రైలెక్కేశాడు. వైజాగ్ వెళ్లి, అక్కడి నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి విమానమట. ఫోను ఇంట్లోనే మరిచిపోయాడు. ఆయన్ని ఎవరూ ఆపలేరు, నీ మీద బెంగపెట్టుకుని వస్తున్నాడు. ఆయన్ని తిట్టకు. తిట్టాల్సింది నన్ను.

నీ,
అత్త


లేహ్,
28 జనవరి 2025

అత్తా,

మంచుకి విమానాలు రద్దయి ఢిల్లీలో నాలుగు రోజులు ఆగిపోయినా, నీ ఉత్తరం కన్నా నాన్నే ముందు వచ్చాడు.

పోటీల మొదటి రోజు. పరువు గురించి అంత మాట్లాడిన మనిషి, ఆడపిల్లల జట్టు ఎందుకు దిగడం లేదని పోటీల వాళ్లు అడిగేసరికి, అరువు స్కేట్లకి ఒప్పుకున్నాడు. నా పేరు కూడా మళ్లీ రాశాడు. ఆయన మనసేం మారలేదు, నేను లేకపోతే జట్టులో సరిపడా మనుషులు లేరు, అంతే.

చెరువు గట్టున బెంచీ మీద కూర్చుని ఉన్నాం. లేసులు కట్టుకోవడం అయిపోయింది. గేటు దగ్గర ఎవరో ఈ ఎత్తుకి గాలి చాలక నాలుగడుగులు వేసి ఆగుతూ, ఊపిరి తీసుకుని మళ్లీ నడుస్తూ వస్తున్నారు. తలకి అమ్మ శాలువా, ఒంటి మీద రైల్వే వాళ్లు ట్రాక్ పనికి ఇచ్చే ఆ నారింజ కోటు.

నాన్నే. మంచులో మోకాళ్ల మీద కూర్చుని నా బూటు పట్టుకున్నాడు. "ఇప్పు" అన్నాడు.

"నాన్నా, ఆట మొదలవుతోంది."

"ఆట తరవాత. ముందు ఇప్పు. నాను సూడాల."

ఈల వేసే అతను మమ్మల్ని పిలుస్తున్నాడు. చక్రధరరావు గారు "ఎవరండీ మీరు, పక్కకి జరగండి" అంటున్నాడు. నేను కట్టిన ముడి నేనే విప్పాను, సాక్సు లాగాను. ఆ చలిలో నా కాలు నాన్న అరచేతిలో. ఒక్కో వేలూ పట్టుకుని కదిపి చూశాడు. రెండో కాలు కూడా. కమిలిన మచ్చలు పోయి, ఎర్రగా, వెచ్చగా ఉన్నాయి. "ఏటే, బాగానే ఉన్నాయి గదా" అన్నాడు. అంతే, మొహం నా మోకాలికి ఆనించి ఏడ్చేశాడు. నేను ఎన్నడూ చూడలేదు అత్తా, నాన్న ఏడవడం. నీ మీద ఎంత కోపం వచ్చిందో, నువ్వు అక్కడ లేవే అని అంత బాధ కూడా వేసింది.

తీసుకెళ్లడానికి వచ్చానని అనలేదు. "మరి కట్టేసుకో, పిలుత్తన్నారు" అన్నాడు. నా వేళ్లు కొంకర్లు పోయి లేసు పట్టుకోలేకపోయాను. తనే అందుకున్నాడు. మొదటి అడ్డునే పట్టాలకి బోల్టు బిగించినట్టు గుంజాడు. అరిచాను. "అక్కడ వదులు నాన్నా, వేళ్లు కదలాలి. ఇక్కడ గట్టిగా. ఇంకా. పైన మళ్లీ కాస్త వదులు." నేను చెప్పడం, ఆయన లాగడం. ఒకటి అయ్యేసరికి పూనం కూడా కాలు చాపింది. నాన్న నవ్వి ఆ పిల్లవీ కట్టాడు, మడమ మీద పుండుకి రాసుకోకుండా సాక్సు సర్ది మరీ.

ఓడిపోయాం. మా ఎదుటివాళ్లు పుట్టిన దగ్గర నుంచి మంచు మీద తిరిగినవాళ్లు. కానీ పూనం గోలు ముందు గోడలా నిలబడింది, ఎన్ని ఆపిందో ఎవరూ లెక్కపెట్టలేదు. నేను ఒక గోలు కొట్టాను. చీలమండ ఒక్కసారి కూడా మడతపడలేదు. మలుపులో ఒంటికాలి మీద వంగినప్పుడు నాకు కాలు గుర్తే లేదు, ఆట ఒక్కటే గుర్తుంది. ఇన్నాళ్లూ మా దగ్గర నుంచి లాగేసుకున్నది అదే అని అప్పుడు అర్థమైంది. ఓడినందుకు కాదు, అందుకే నాకు కడుపు మండిపోయింది.

ఆట అయ్యాక ఒక విలేకరి వచ్చింది, హిందీ పేపరు అమ్మాయి. చక్రధరరావు గారు మా మధ్యలోకి వచ్చి నిలబడి, పూనం భుజం మీద చెయ్యి వేశాడు. "బస్తర్ అడవి బిడ్డలు. సరైన బూట్లు కూడా లేకుండా ఎలా పోరాడారో రాయండి" అన్నాడు. పూనం ఆ చెయ్యి తీసేసి నా పక్కకి వచ్చింది. నేను ఏదో అనబోయేలోపే నాన్న కూర్చున్న చోటి నుంచే, హిందీలో, ట్రాక్ మీద మనుషుల్ని పిలిచే ఆ గొంతుతో అన్నాడు: "ఎందుకు లేవో కూడా చెప్పండి సార్. ఆవిడ రాసుకుంటుంది."

ఆ అమ్మాయి పెన్ను పైకెత్తి చక్రధరరావు గారి వైపు తిరిగింది. ఆయన మఫ్లరు సర్దుకున్నాడు. బస్సుకి టైమవుతోంది అన్నాడు. ఆమె మళ్లీ అడిగింది. రాజ్‌కుమార్, వాడి జట్టు మొత్తం వచ్చి మా వెనక నిలబడ్డారు. మేం ఒకరి లేసులు ఒకరం విప్పుకుని, డిస్కిత్ వాళ్ల స్కేట్లు తుడిచి ఇచ్చేసి, నాన్నని నడిపించుకుంటూ బస్సు దగ్గరకు వచ్చేశాం. కిటికీలోంచి చూస్తే ఆ అమ్మాయి ఇంకా ఆయన ఎదురుగానే నిలబడి అడుగుతోంది.

నీ కోడలు,
కృప